అటు పక్కన కూర్చున్న పిల్ల

ముందే చెబుతున్నాను, నా మాటలను సగానికి తగ్గించుకుని వినడం మా మూడు జిల్లాల్లోనూ అందరికీ అలవాటే. గట్టు మండలంలో ఒక పిల్ల విసిరిన బంతి సరిహద్దు దాటి కర్ణాటకలో పడిందనీ, అక్కడి గొర్రెల కాపరి దాన్ని రాయచూరు బస్సులో కండక్టరు చేతికిచ్చి తిరిగి పంపించాడనీ నేను చెప్పిన రోజు వనపర్తిలో మా స్టాఫ్‌రూములో ఒక్కరూ తల ఎత్తలేదు. లెక్కల సారొక్కడే పేపరు మడుస్తూ అడిగాడు: "మరి బంతికి టికెట్ ఎవరు గొట్టిన్రు?"

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. సగం సర్వీసు కబడ్డీ, ఖోఖోలతోనే గడిచింది. ఆ తర్వాత బేస్‌బాల్ మా బడుల్లోకి వచ్చింది. ఒకరు విసురుతారు, వాళ్ళు పిచ్చర్. ఒకరు బ్యాటుతో కొట్టి, బేస్ అనే గుర్తు దాకా పరుగెత్తుతారు. కొట్టేవాళ్ళ వెనక గొంతుక్కూచుని గ్లౌజుతో పట్టేవాళ్ళు క్యాచర్. ఇంతవరకు తెలిస్తే ఈ కథకు చాలు. నాకూ మొదట్లో ఇంతే తెలుసు. మిగతాది తెలిసినట్టు విజిల్ ఊదుతూ నెట్టుకొచ్చాను.

రెండేళ్ళ కిందట హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. క్రీడా హాస్టల్లో కోచ్‌గా ఉన్న పెద్ద సార్ చేశారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడింటికీ కలిపి పందొమ్మిదేళ్ళలోపు ఆడపిల్లలకు హాస్టల్లో ఒకే ఒక్క సీటు. నాగర్‌కర్నూల్ మైదానంలో రెండు రోజులు ఆడించి చూస్తామన్నారు. "పదహారు పేర్లు రాసి పంపితే సరిపోదు మాస్టారూ, వాళ్ళ వెనక ఎవరున్నారో కూడా రాయండి. ఈ ఏడు కోతకొచ్చిన పంట ఒక్కటే కాదు, నారుమడిలో ఏముందో నాకు తెలియాలి" అన్నారు.

ఆ నారుమడి అన్న మాట నా బుర్రలో నాటుకుపోయింది. ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. ఎడమ పేజీలో ఇప్పుడే నాటగలిగినవాళ్ళు. కుడి పేజీలో ఇంకా ఎదగాల్సినవాళ్ళు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు ఎవరు, ఆ ఇంకొకరికి పెళ్ళి కుదిరితే మూడోవాళ్ళు ఎవరు. అప్పటి నుంచి నాకు కుదురు పోయింది. భోంచేస్తూ ఎడమ పేజీలో పేరు కుడి పేజీకి మార్చడం, బస్సెక్కాక మళ్ళీ ఎడమకు తేవడం. "ఆ పుస్తకంల ఏముందో గాని మీ కాలు ఒక్క తావున నిలుస్తలేదు" అని మా ఆవిడ నా చెప్పులు ఎత్తి అటక మీద పెట్టింది. నేను పాత చెప్పులేసుకుని బయలుదేరాను.

నాతో పాటు తిరగడానికి నాగర్‌కర్నూల్ నుంచి ఇంకో వ్యాయామ టీచరు, మేడమ్, వచ్చింది. నా కంటే పదేళ్ళు చిన్న. మెడలో విజిల్, ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో స్టాప్‌వాచ్. ఈమె అబద్ధం ఆడదు. ఆడడం రాదు కూడా. "బాగున్నారా మేడమ్" అని ఎవరైనా అంటే జవాబు చెప్పే ముందు ఒక క్షణం ఆలోచిస్తుంది. ఇలాంటి మనిషి పక్కన నన్ను కూర్చోబెట్టినవాళ్ళకు మా ఇద్దరి మీదా ఏదో కోపం ఉండి ఉండాలి.

ధరూర్‌లో నాట్ల కాలం. పిల్లల చేతులకు ఇంకా మడి బురద వాసన పోలేదు. అక్కడ ఒక పిల్ల భలే ఉరికింది. "బస్సును దాటిపోతది" అని రాశాను. మేడమ్ తొంగి చూసి, "ఏ బస్సు సార్? ఆగిన బస్సా?" అంది.

గట్టులో ఆ రాయచూరు బంతి పిల్లను చూశాం. చిన్నప్పటి నుంచి జొన్నచేనులో మంచె మీద నిలబడి వడిసెల తిప్పి రాళ్ళతో పిట్టలను తోలిన చెయ్యి. ఆ బలం మాట అబద్ధం కాదు. కానీ బంతి విసిరే ముందు వడిసెల తిప్పినట్టే చేతిని రెండుసార్లు గిర్రున తిప్పేది. ఆ తర్వాత బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. మొదటిది మేడమ్ చెప్పు పక్కన పడింది. రెండోది పక్క చేనులోకి పోయింది. మూడోదాని కోసం ఇప్పటికీ వెతుకుతున్నారు. "ఆ తిప్పుడు మానుకోమ్మా" అన్నాం ఇద్దరం. మానుకుంటే ఇంకా అన్యాయంగా పోయింది. నేను నోటుబుక్కులో "ఎగిరే చిలుకను కొడుతుంది" అని రాశాను.

"చిలుకను కొట్టిందా? మీరు చూసిన్రా సార్?"

"నేనెక్కడ చూసిన మేడమ్. చిలుక చూసింది."

మేడమ్ నవ్వలేదు. తన కాగితం మీద "చిలుక: ఆధారం లేదు" అని రాసుకుంది.

గద్వాలలో మాత్రం నా నోరు మూతపడింది. కాలేజీ వెనక మైదానం. ఇంటర్ రెండో సంవత్సరం చదివే నేతవారి పిల్ల. పిచ్చర్. పెట్టెలో గాజులు సర్దుతున్నంత నిమ్మళంగా విసిరింది. బంతి పోయి క్యాచర్ గ్లౌజులో పడుతోంది, గ్లౌజు మాత్రం కదలడం లేదు. పైన పెడితే పైన, మోకాలి దగ్గర పెడితే మోకాలి దగ్గర. మేడమ్ టేపు చుట్టడం మరిచిపోయి నిలబడింది. అది నేల మీద పాములా పడి ఉంది. నేను ఏదో ఒక గొప్ప కథ కలుపుదామని పెన్ను తీశాను. కలపడానికి ఏమీ మిగల్లేదు. పేరొక్కటే రాసి కింద రెండు గీతలు గీశాను.

ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి అడిగింది, "సార్, సీటొస్తె హాస్టల్లనే డిగ్రీ జదవొచ్చునంట, నిజమేనా?"

"నిజమే."

"మీరు నిజమంటె మేడమ్‌ను గూడ ఒకసారి అడగమన్నది మా అమ్మ." మేడమ్ తల ఊపాక గానీ నమ్మలేదు. తర్వాత మెల్లగా అంది, "నాకు మగ్గమొస్తది సార్. ఇంకేమొస్తదో సూసుకోవాలని ఉన్నది."

ఆ మాట కాగితం మీదికి ఎక్కలేదు గానీ నా ఒంట్లోకి ఎక్కింది. సీటు ఈ పిల్లకే రావాలి. అప్పటి నుంచి నేను తిరిగిందంతా దానికోసమే.

ఆమెకు బంతులు పట్టింది వాళ్ళ పెద్దమ్మ కూతురు. ఏడాదిన్నర పెద్ద. ఇంటర్ అయిపోయి మగ్గం మీద కూర్చుంటోంది, సాయంత్రాలు చెల్లెలికి బంతి పట్టడానికి మాత్రం వస్తుంది. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. పరుగు పరీక్ష పెడితే అందరికంటే చివర వచ్చింది. ఆయాసపడుతూ తనే అంది: "నేను ఉరికితె కాదు సార్, జర ఓపిక పట్టుండ్రి, బేసే నా దిక్కు నడిసొస్తది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల పేరు కుడి పేజీ అడుగున రాసి, పక్కన "నారు ముదిరింది" అని రాసి, ఇంకో ఏడాదికి వయసు కూడా దాటిపోతుంది కదా అని మొత్తం కొట్టేశాను. మేడమ్ కూడా స్టాప్‌వాచ్ చూసి ఒప్పుకుంది. నాగర్‌కర్నూల్‌లో పొడుగ్గా, చురుగ్గా ఉండే క్యాచర్ పిల్ల ఉండనే ఉంది.

ఆ రోజు వాళ్ళ ఇంటికి చాయ్‌కి పోయాం. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే మగ్గం మీద కూర్చున్నారు. గద్వాల చీరకు ఒంటికి నూలు పోగు, అంచుకు పట్టు పోగు. ఆ రెండూ కలిసే చోట పోగులో పోగు మెలిక వేయాలి. అందుకని ఇద్దరు కూర్చుంటారు, ఒకరు అటు, ఒకరు ఇటు. అటు పక్కన కూర్చున్న అక్క చెల్లెలి దిక్కు చూసి "ఊ" అంటుంది. ఆ వెంటనే చెల్లెలు పోగును దగ్గరికి కొడుతుంది. మళ్ళీ "ఊ". మళ్ళీ దెబ్బ. మాటల్లేవు. చెల్లెలి తల్లి చాయ్ గ్లాసు నా చేతికిస్తూ, "ఇద్దరిది ఒక్కటే చెయ్యి సారూ" అంది. నేను ఆ రాయచూరు బస్సు కథ మొదలుపెట్టాను. చాయ్ తాగి లేచి వచ్చేశాను. అంతకు ముందు మైదానంలో కూడా ప్రతి బంతికీ ముందు ఆ "ఊ" వినిపించింది. రెండుచోట్లా విన్నాను. రెండు చెవులూ ఉన్నవాణ్ణే.

నాగర్‌కర్నూల్‌లో మొదటి రోజు. నా నోటుబుక్కు చూసి, గీతలతో సహా మేము రాసి పంపిన రిపోర్టు ఒళ్ళో పెట్టుకుని పెద్ద సార్ కుర్చీలో కూర్చున్నారు. టోపీ, చిన్న డైరీ, తక్కువ మాట. గద్వాల పిల్ల పిచ్చింగుకు వచ్చింది. వెనక నాగర్‌కర్నూల్ క్యాచర్, నేర్పినట్టే వేళ్ళతో సైగ చేసి గ్లౌజు పెట్టింది. మొదటి బంతి తల మీదుగా పోయింది. సరే, భయం అనుకున్నాను. రెండోది నేలకు కొట్టింది. మూడోదానికి, కొట్టాల్సిన పిల్ల బ్యాటు పడేసి పక్కకు దూకింది. నేను గోడ దగ్గర నుంచి చెట్టు దగ్గరికి, చెట్టు దగ్గర నుంచి నీళ్ళ డ్రమ్ము దగ్గరికి కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆ పిల్ల ప్రతిసారీ చెయ్యి ఎత్తి ఏదో వినపడాలన్నట్టు ఒక రవ్వంత ఆగుతోంది. ఏమీ వినపడడం లేదు. విసురుతోంది. పోతోంది.

పెద్ద సార్ నన్ను పిలిచారు. "రెండు గీతలు గీసిన పిల్ల ఈమేనా?"

"ఈమే సార్."

"చిలుకను కొట్టే పిల్ల వేరా?"

"వేరు సార్."

అప్పుడే నాకు తెలిసింది ఏమైందో. మగ్గం, అటు పక్కన అక్క, ఆ "ఊ", అంతా గబగబా చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక్క ముక్క కలపకుండా చెప్పాను. పెద్ద సార్ ఓపికగా విని, డైరీ మూసి, "మాస్టారూ, మీ గురించి ఫోనులో విన్నాను. ఈ కథ కూడా రాయచూరు బస్సులోనే వచ్చిందా?" అన్నారు. సీటు ఈసారి ఇంకో చోటికి ఇస్తాననీ, రెండో రోజు ఉండననీ చెప్పి లేచారు.

అప్పుడు మేడమ్ ముందుకు వచ్చింది. "సార్, ఆ అమ్మాయికి వేలు వాచింది. పొద్దున నేనే కట్టు కట్టిన. ఆట ముందర ఇప్పేసిన. రేపొక్కసారి సూడండ్రి."

పెద్ద సార్ మళ్ళీ కూర్చున్నారు. "మీరు చెబుతున్నారు కాబట్టి ఉంటాను." అవతల ఆ పిల్ల గభాల్న రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. మేడమ్ నా పక్కకు వచ్చి సీసాలో నీళ్ళన్నీ ఒక్క గుక్కలో తాగేసింది.

"మేడమ్, మొదటి అబద్ధానికే గింత పెద్దదా?" అన్నాను.

"మాట్లాడకుండ్రి సార్. బస్సెక్కుండ్రి."

మధ్యాహ్నం బస్సు. వనపర్తిలో దిగి ఇంకోటి. సీట్లో కూర్చోలేక ఫుట్‌బోర్డు మీద నిలబడితే కండక్టరు రెండుసార్లు లోపలికి తోశాడు. పొద్దు వాలకముందే గద్వాలలో ఆ ఇంటి ముందు ఉన్నాను. మగ్గం మీద ఇటు పక్కన చెల్లెలి తల్లి, అటు పక్కన అక్క. చీర సగంలో ఉంది.

"పెద్దదాన్ని గూడ తోల్కపోతె మగ్గం ఎట్ల సారూ?" అంది తల్లి.

"ఒక్క రోజమ్మా. కావాలంటె నేను కూసుంట."

"మీరు కూసుంటె చీర పొడుగునా కథలే నేస్తరు. వద్దు." ఊడిన పోగొకటి ముడేసింది. తర్వాత అక్కతో, "పోవే. అది ఆడ ఒక్కతే ఉన్నది" అంది.

మర్నాడు మొదటి బస్సుకు అక్కను తీసుకువచ్చాను. దారంతా నిద్రపోయింది. నాకు ఆ నిద్ర మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మైదానంలో దిగి, జడ చుట్టుకుని, చున్నీ నడుముకు కట్టి, గ్లౌజు తొడిగి గొంతుక్కూచుంది. చెల్లెలు చెయ్యి ఎత్తింది. ఆగింది.

"ఊ."

గ్లౌజు కదల్లేదు.

ఇరవై బంతులు. నేను లెక్కపెట్టలేదు, మేడమ్ లెక్కపెట్టింది. నేను ఆ సమయంలో నీళ్ళ డ్రమ్మును కావలించుకుని ఉన్నాను. పని అయిపోయింది, సీటు వచ్చేసింది అనుకున్నాను. పెద్ద సార్ కుర్చీలోంచి లేచారు. పిచ్చర్ దగ్గరికి పోతారనుకుంటే నేరుగా పోయి అక్క పక్కన నిలబడ్డారు. ఆమెను కాసేపు చూసి, నా వైపు తిరిగి, "ఆ చిలుకల పిల్లను పిలవండి" అన్నారు.

గట్టు పిల్ల వచ్చేసరికి గోడ దగ్గర కూర్చున్నవాళ్ళందరూ లేచి దూరంగా జరిగారు. ఆ పిల్ల సిగ్గుపడుతూ చెయ్యి ఒకసారి తిప్పింది. అక్క ఏమీ అనలేదు. రెండోసారి తిప్పింది. భుజం నిలబడింది. అప్పుడు "ఊ." బంతి దూసుకుంటూ వచ్చి గ్లౌజులో పడింది. ఆ చప్పుడుకు అవతల సైకిలు మీద పోయేవాడు దిగి చూశాడు. ఇంకొకటి. ఇంకొకటి. మేము మానిపించాలని చూసిన ఆ తిప్పుడును అక్క ఊరికే ఆగి, పోనిచ్చింది. తర్వాత ధరూర్ పిల్ల వచ్చింది, ఆమెకు "ఊ" తొందరగా పడింది. నాగర్‌కర్నూల్ పిల్లకు మెల్లగా పడింది.

"నీకెలా తెలుస్తుందమ్మా?" అన్నారు పెద్ద సార్.

"ఏముంది సార్. ఎదురుంగ ఉన్నోళ్ళ ఊపిరి సూడాలె. అది ఆగినప్పుడు ఊ అనాలె. ముందుగాల అంటె పోగు తెగుతది."

పెద్ద సార్ మా ఇద్దరినీ చూశారు. "ఈ పేరు మీ రిపోర్టులో ఎక్కడుంది?"

మేడమ్ నా వైపు చూసింది. నేను నోటుబుక్కు తెరిచి, కుడి పేజీ అడుగున ఉన్న ఆ కొట్టివేత చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు చదివారు. చదవడానికి అందులో రెండు మాటలే ఉన్నాయి. వయసు ఇంకా లోపలే ఉంది కదా అని, సీటు అక్కకు ఇచ్చారు.

అక్క గ్లౌజు కింద పడేసింది. "నాకెందుకు సార్, దానికియ్యండ్రి. నేను ఉరకనన్న ఉరకను."

చెల్లెలే ముందు మాట్లాడింది. "పోవే, నువ్వు పోతెనన్న మగ్గం మీద జర జాగ దొరుకుతది నాకు. సగం నువ్వే కూసుంటవు." అందరూ నవ్వారు. అక్క నవ్వుతూనే ఏడ్చింది. చెల్లెలు నవ్వి, బంతి తీసుకుని, దాని మీది మట్టిని చున్నీతో ఎంతసేపు తుడిచిందో. ఆ బంతి తోలు తెల్లబడిందని చెబుతాను, మీరు సగానికి తగ్గించుకోండి.

తిరుగు బస్సులో ఆ పిల్ల కిటికీ పక్కన, నేను ఇవతల. అక్క ముందు సీట్లో మళ్ళీ నిద్ర. వనపర్తి దాటాక అడిగింది, "మీరు నిన్న గద్వాలకు రాకపోయుంటె సార్?"

నా దగ్గర వంద కథలు ఉంటాయి. ఒక్కటీ రాలేదు. "రాకపోయుంటె ఎవ్వరికీ వచ్చేది కాదు బిడ్డా" అన్నాను.

ఆలోచించింది. "గదీ నిజమే. మీరు నిజం జెప్తె ఎట్లనో ఉంటది సార్."

ఆ 'ఎట్లనో' ఇంకా పోలేదు నాకు. ఎవరికోసం మూడు జిల్లాలు తిరిగానో ఆ పిల్ల సీటును నా కాళ్ళతో నేనే బస్సెక్కి పోయి, టికెట్ కొట్టించి, ఇంకొకరి చేతికి తెచ్చి ఇచ్చాను. అక్కకు రావడం తప్పు కాదు. న్యాయంగా వచ్చింది. అయినా చాయ్ గ్లాసు పట్టుకుంటే, ఇద్దరిది ఒక్కటే చెయ్యి అన్న ఆ తల్లి మాట గుర్తొచ్చి చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుంటాను.

ఆ పిల్ల ఇప్పుడు గద్వాలలోనే డిగ్రీ చదువుతోంది. మగ్గం మీద అటు పక్కన తల్లి కూర్చుంటోంది. వచ్చే నెల పెద్ద సార్ మళ్ళీ వస్తున్నారు. ఆ పిల్లకు వయసు ఇంకా దాటలేదు, కానీ ఇదే ఆఖరిసారి. అందుకని ప్రతి ఆదివారం నేను గద్వాల పోతున్నాను. గ్లౌజు నాది. గొంతుక్కూర్చునేదీ నేనే.

ఒక్క చోట ఒక్క నిమిషం కూర్చోలేని మనిషిని, నోరు మూసుకోలేని మనిషిని. మొదటి ఆదివారం బంతి మోకాలి చిప్ప మీద తగిలింది. రెండో ఆదివారం ఛాతీ మీద. "సార్, మీరు ముచ్చట జెప్పుడు ఆపుండ్రి. నా దిక్కు సూడుండ్రి" అని ఆ పిల్ల అరిచింది. అటూ ఇటూ చూస్తాను, ఈగను తోలుతాను, ఏదో గుర్తొస్తుంది, "ఊ" అనేస్తాను. తొందరగా. బంతి పోతుంది. అక్క హాస్టల్ నుంచి ఫోను చేసి, "సార్, మీరు ఊపిరి సూస్తలేరు, చెయ్యి సూస్తున్రు" అంది, అక్కడ నుంచే చూసినట్టు.

మొన్న ఆదివారం ఆ పిల్ల చెయ్యి ఎత్తింది. నేను చెయ్యి చూడలేదు. మెడ కింద, చున్నీ అంచు పైకి కిందికి ఆడుతోంది. అది ఆగింది. నాకు చెప్పడానికి మంచి కథ ఒకటి నోటి దాకా వచ్చింది, మింగేశాను.

"ఊ."

గ్లౌజు కదల్లేదు. పదింటిలో నాలుగు అలా పడ్డాయి. మిగతా ఆరు ఎక్కడ పడ్డాయో నా ఒంటి మీద చూపించగలను. నాలుగు అని నేను చెబితే మా స్టాఫ్‌రూములో రెండు అనుకుంటారు. టేపు పట్టుకుని మేడమ్ పక్కనే నిలబడి ఉంది, ఆమెను అడగండి. కాకపోతే ఆ వేలు వాచిన సంగతి బయటికి పొక్కిన దగ్గర నుంచి ఆమె మాటను కూడా జనం సగానికే తీసుకుంటున్నారు.